చెరకు తోటలు, ముంగిస, దీవుల పక్షులు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు చెరకు వ్యాపారం వల్ల ముంగిస దీవులకు ఎలా చేరిందో, అక్కడి పక్షులు ఎందుకు తట్టుకోలేకపోయాయో, కొన్ని జాతులు తిరిగి ఎలా కోలుకున్నాయో వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

బోధన్ పరిసరాల్లో చెరకు తోట గట్టు మీద ముంగిస పరుగెత్తడం మీలో చాలామంది చూసే ఉంటారు. మంజీరా నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఈ ప్రాంతంలో చెరకు సాగు విస్తరించింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. చెరకు ఉన్నచోట ఎలుక తప్పదు. అయితే ఇక్కడి రైతు ఎలుకల కోసం ముంగిసను ఎక్కడి నుంచో తెప్పించుకోనక్కరలేదు. జెర్రిపోతు, గుడ్లగూబ, ముంగిస ఈ నేలమీద మొదటి నుంచీ ఉన్నవే. 19వ శతాబ్దంలో దీవుల్లోని తోటల యజమానులు మాత్రం మన దేశం నుంచి ముంగిసను ఓడల్లో తీసుకుపోయారు. మన పొలాల్లో ఎక్కువగా కనిపించేది బూడిదరంగు ముంగిస. ఓడ ఎక్కింది దానికి దగ్గర బంధువైన చిన్న ముంగిస. ఇక్కడ పొలానికి మేలు చేసే జంతువు అక్కడ పక్షులకు ముప్పు ఎందుకైంది? ఈ భాగంలో మనం చర్చించే ప్రశ్న ఇదే.

2. శత్రువుతో కలిసి పెరిగిన పక్షులు

తీతువు పిట్ట నేలమీదే గుడ్లు పెడుతుంది. కానీ ఆ గుడ్లు మట్టిగడ్డల మధ్య తేలికగా కనబడవు. ముంగిస దగ్గరకు వస్తే తల్లిపిట్ట అరుస్తూ దాని మీదికి దూసుకొస్తుంది. గిజిగాడు తుమ్మకొమ్మకో, ఈతాకుకో, బావిలోకి వంగిన కొమ్మకో గూడు వేలాడదీస్తుంది. ఈ అలవాట్లు ఒక తరంలో వచ్చినవి కావు. వేల సంవత్సరాలుగా ముంగిస, పాము, పిల్లి జాతుల మధ్య బతికి నిలిచిన పక్షుల వారసత్వం ఇది.

3. దీవుల్లో గూడు, గుడ్లు

సముద్రం మధ్య దూరంగా ఉన్న అనేక దీవుల్లో గబ్బిలాలు తప్ప నేల జంతువులలో పాలిచ్చేవి ఉండేవి కావు. వేటాడే జంతువు లేనప్పుడు ఎగరవలసిన అవసరం తగ్గుతుంది. నేలమీది గూడుకు భయం ఉండదు. ఇటువంటి పక్షులలో చాలావరకు తక్కువ గుడ్లు పెట్టి, ఎక్కువకాలం బతికి, నెమ్మదిగా పిల్లలను పెంచుతాయి. హవాయి దీవుల నేనే బాతు నేలమీద గూడు కడుతుంది. పిల్లలను పెంచే కాలంలోనే తల్లిదండ్రుల ఈకలు రాలిపోయి కొన్ని వారాలు ఎగరలేవు. శత్రువు లేనంతకాలం ఈ పద్ధతి చక్కగా సాగింది. శత్రువు వచ్చాక ఏటా గుడ్లు, పిల్లలు పోతుంటే ఆ నష్టం పూడదు. పెద్ద పక్షులు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ప్రమాదం ఆలస్యంగా తెలుస్తుంది.

4. ముంగిస ప్రయాణం

1872లో ఎస్పూట్ అనే తోటల యజమాని కలకత్తా నుంచి 9 ముంగిసలను జమైకాకు తెప్పించాడు. 1883లో అవి జమైకా నుంచి హవాయికి చేరాయి. అదే సంవత్సరం ఫిజీకి కూడా ముంగిసను తెచ్చారు. లెక్క సులువుగానే కనిపించింది: ముంగిస ఎలుకను తింటుంది, చెరకు దక్కుతుంది. కానీ ఎలుక ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. పైగా నల్ల ఎలుక చెట్లెక్కుతుంది. దాంతో ఎలుకలు మిగిలాయి, నేలమీది గూళ్లు ఖాళీ అయ్యాయి. వేట, ముంగిస తదితర కారణాలతో 1950 నాటికి అడవిలో నేనే బాతులు సుమారు 30 మాత్రమే మిగిలాయి. ముంగిస స్థిరపడని కవాయి దీవిలో అవి తరువాత బాగా పెరిగాయి.

ఫిజీకి 1879 నుంచి 1916 వరకు భారతీయ కూలీలను ఒప్పందంపై తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. అంటే కూలీని, ముంగిసను సముద్రం దాటించింది ఒకే చక్కెర వ్యాపారం. ఆ నిర్ణయాల్లో కూలీ మాట ఎవరూ అడగలేదు. పక్షి సంగతి అసలు లెక్కలోకే రాలేదు.

5. మారిషస్ అనుభవం

మన తెలుగువారు వెళ్లి స్థిరపడిన మరో చక్కెర దీవి మారిషస్. ఎగరలేని డోడో పక్షి ఇక్కడిదే. 1598లో డచ్చివారు వచ్చాక ఓడలతో ఎలుకలు, పందులు, కోతులు చేరాయి. వేట, ఈ జంతువులు కలిసి తరువాతి శతాబ్దంలోనే డోడోను అంతం చేశాయి. 1900లో ఎలుకల నివారణకని ముంగిసనూ తెచ్చారు.

1974 నాటికి మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగలు అడవిలో 4 మాత్రమే తెలిశాయి. అడవుల నరికివేత, డిడిటి కూడా ఇందుకు కారణాలు. చెట్టు తొర్రలలో పెట్టిన గుడ్లను కోతులు తినేవి. ఆ ఏడాది ఒక జంట కొండచరియలో గూడు పెట్టి పిల్లలను క్షేమంగా పెంచింది. తరువాతి తరం కూడా చరియలనే ఎంచుకుంది. 1979 నుంచి కార్ల్ జోన్స్ బృందం మొదటి విడత గుడ్లను తీసి పొదిగించింది. గుడ్లు పోయిన తల్లి మళ్లీ పెడుతుంది కనుక ఒకే ఏడాదిలో రెండు విడతల పిల్లలు దక్కేవి. గూటిపెట్టెలు అమర్చి, అదనపు ఆహారం పెట్టి, ముంగిసలను, ఎలుకలను బోనుల్లో పట్టారు. గులాబీ పావురం విషయంలోనూ ఇదే శ్రద్ధ చూపారు. 1990 ప్రాంతంలో అడవిలో సుమారు 10 మిగిలిన ఆ పావురాలు ఇప్పుడు వందల్లో ఉన్నాయి.

6. సారాంశం

ముంగిస స్వభావం బోధన్‌లోనూ, ఫిజీలోనూ ఒకటే. తేడా దానితో పక్షులకున్న పరిచయంలో ఉంది. ఇక్కడి పక్షి దాన్ని ఎదుర్కొనే ఉపాయం తరతరాలుగా నేర్చింది. దీవి పక్షికి ఆ వ్యవధి దొరకలేదు. గూటిని కాపాడితే ఆ వ్యవధిని కొంతవరకు మనిషి ఇవ్వగలడని మారిషస్ చూపింది. ఒక పంట లాభం మాత్రమే చూసి తీసుకున్న నిర్ణయం ఫలితం నూరేళ్లకు పైగా ఎలా నిలుస్తుందో చరిత్ర విద్యార్థిగా మీరు గుర్తించాలి. పురుగుకో, కలుపుకో మందుగా కొత్త జీవిని తెస్తామని ఎవరైనా ప్రతిపాదించినప్పుడు ఈ అనుభవాన్ని ముందు పెట్టి ప్రశ్నించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ముంగిసను తెచ్చినా చెరకు తోటల్లో ఎలుకల బెడద ఎందుకు తీరలేదు?
2. దీవుల పక్షుల సంతానోత్పత్తి పద్ధతి వాటికి ఎలా ముప్పైందో ఉదాహరణతో రాయండి.
3. మీ ఊరి పొలాల్లో నేలమీద గూడు కట్టే ఒక పక్షిని గమనించి, అది గుడ్లను ఎలా కాపాడుకుంటుందో పది వాక్యాల్లో వివరించండి.