లేని చేతి నొప్పి

తెగిపోయిన చేయి నొచ్చుచున్నదని యెవడైనను మొరపెట్టుకొనినచో విన్నవారు నవ్వుదురు. కాదేని వానికి మతి చలించినదనియో, దయ్యము పట్టినదనియో యందురు. అట్టివాని మాట యబద్ధము గాదని నిరూపించుటకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రము వైద్యులకే గాక, 'నేను' అను మాటకు అర్థమేమని విచారించు వారికెల్లరకును తెలియదగినది.

పదునారవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు సైన్యములలో శస్త్రవైద్యుడుగా నుండిన ఆంబ్రాజ్ పారే, కాలుసేతులు కోయబడినవారు చాలకాలము గడచిన పిదపను పోయిన యవయవముననే బాధ కలదని చెప్పుచుండిరని వ్రాసెను. 1641వ సంవత్సరమున దేకార్తు అను తత్త్వవేత్త, లోపలి బాధను గూర్చిన మన తెలివియు సర్వదా నమ్మదగినది కాదనుటకు దీనినే దృష్టాంతముగా చూపెను. ఆత్మ వేరు, దేహము వేరని వాదించిన యాతడే, ఓడలో నావికుడున్నట్లు ఆత్మ దేహమున నుండుట లేదనియు, దానితో కలసి యేకమైనట్లున్నదనియు నొప్పుకొనవలసి వచ్చెను.

అమెరికాదేశమున 1861 మొదలు 1865 వరకు జరిగిన యంతర్యుద్ధమున వేలకొలది సైనికులు అవయవములు గోలుపోయిరి. అట్టివారికి చికిత్స చేసిన ఫిలడెల్ఫియా వైద్యుడు సైలాస్ వీర్ మిచెల్, 1866లో తన పేరు వెల్లడింపక యొక కథను ప్రకటించెను. రెండు కాళ్లును రెండు చేతులును పోయిన సైనికుడొకడు, తానున్నాననెడి యెరుకయే మునుపటికంటె తగ్గినదని యందు చెప్పుకొనును. కొందరు పాఠకులది నిజమనుకొని యాతనికై ధనము పంపిరట! 1871లో మిచెల్ ఈ యనుభవమునకు 'భూతావయవము' అను నర్థమిచ్చు పేరు పెట్టెను. మరుసటి యేట ప్రకటించిన గ్రంథమున, తాను విచారించిన 90 మందిలో 86 గురకు ఈ యనుభవము కలదని తెలిపెను. ఇందరును అబద్ధికులగుదురా?

మెదడు దేహమును రేయింబవళ్లు కనిపెట్టుచుండును. కండరములనుండియు, కీళ్లనుండియు, లోపలి యవయవములనుండియు దానికి వార్తలు చేరుచుండును. 1906లో ఇంగ్లండుదేశపు షెరింగ్టన్ ఈ వార్తలను తరగతులుగా విభజించి పేళ్లు పెట్టెను. 1911లో హెడ్, హోమ్స్ అను వైద్యులు, ఈ వార్తలచే మెదడున దేహముయొక్క రూపమొకటి ఏర్పడి క్షణక్షణమును సవరింపబడుచుండునని చెప్పిరి. టోపీలో ఈక ధరించిన స్త్రీకి ఆ రూపము ఈక కొసవరకు వ్యాపించునట! కావున చేయి తెగినను, మెదడులోని చేయి వెంటనే తెగదు.

దీనికి విపర్యయమును కలదు. 1914లో పారిస్ వైద్యుడు బాబిన్‌స్కీ, ఎడమప్రక్క పక్షవాతమున పడిపోయినను ఆ సంగతి యెరుగని రోగులను వర్ణించెను. ఒకచో లేని చేయి యున్నట్లు తోచును. మరియొకచో పడిపోయిన చేయి బాగుగనే యున్నట్లు తోచును. రెండుచోట్లను రోగి కల్లలాడుట లేదు. మనము 'నేను' అని తడవుకొనక పలుకు మాటకు, మెదడు వ్రాసికొను దేహపు లెక్కయే యాధారమై యున్నది.

ఇది వట్టి తత్త్వవిచారము గాదు. 1990 తరువాతి యేండ్లలో, తమిళనాట జన్మించి అమెరికాలో పనిచేసిన రామచంద్రన్ అను వైద్యుడు, చేయి పోయినవారి ముందర అద్దము నిలిపి, ఉన్న చేతి ప్రతిబింబము పోయిన చేతి స్థానమున కనబడునట్లు చేసెను. అందరకు గాకున్నను కొందరకు బాధ తగ్గెను. మెదడులోని లెక్కను దిద్దుటకు కాసంత గాజుపలక సాయపడినది. ఆ రోగుల మాటను నమ్మనిచో నా యుపాయము తోచియుండునా?

చదువరులారా! కంటికి కనబడని బాధను లేదనుట శాస్త్రము గాదు. వ్యథపడువాడు తన దేహమును గూర్చి చెప్పు మాట వింతగా నున్నను, ముందుగా దానిని శ్రద్ధతో వినుడు. మూడువందల యేండ్లు వినకపోవుటవలన గాయపడినవారికి కలిగిన రెండవ బాధ, పరిహాసము. దానిని మాన్పుటకు అద్దమైనను అక్కరలేదు.