విశాఖలో కట్టడాల అనుమతులు: పెంకుటింటి నుంచి అపార్ట్‌మెంటు దాకా

విశాఖపట్నంలో ఇల్లు కట్టడానికి ముందు అనుమతి తీసుకోవాలన్న నియమం పురపాలకంతో పాటు వచ్చింది. 1858లో స్వచ్ఛంద సంఘంగా మొదలైన పట్టణ పాలన, 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం కింద 1866లో మునిసిపాలిటీగా మారింది. భీమునిపట్నం అంతకు అయిదేళ్ల ముందే మునిసిపాలిటీ అయింది. అప్పటి పట్నమంటే ఇప్పుడు వన్‌టౌన్ అని పిలిచే పాత ఊరే. కోటవీధి చుట్టూ ఇరుకు సందులు, పెంకుటిళ్లు, తాటాకు ఇళ్లు. 1901లో జనాభా సుమారు 41 వేలు.

ఆనాటి అనుమతి పరిధి చిన్నది. అరుగు వీధిలోకి రాకూడదు, వాడుక నీరు దారిన పారకూడదు, తాటాకు కప్పు నుంచి పక్కింటికి నిప్పు అంటుకోకూడదు. అంటే ఇంటికీ పొరుగింటికీ, ఇంటికీ వీధికీ మధ్య తగాదా రాకుండా చూడడమే దాని పని. 1884లోనూ 1920లోనూ వచ్చిన మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టాలు దీన్నే విస్తరించాయి. 1920 చట్టం స్థలం నక్షా, కట్టడం నక్షా రెండూ దరఖాస్తుతో జత చేయమంది. గుడిసెలకు వేరే పద్ధతి పెట్టింది. అదే ఏడాది మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం కూడా వచ్చింది. ఒక్కో ఇంటిని విడిగా కాక, వీధినీ పేటనూ ఊరినీ కలిపి ముందుగా గీసుకోవాలన్న ఆలోచన చట్టంలోకి ఎక్కింది అప్పుడే.

ఆ ఆలోచన అమలయ్యేలోపే ఊరి స్వరూపం మారిపోయింది. 1933లో రేవు తెరుచుకుంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం, 1970ల్లో జింకు స్మెల్టరు వచ్చాయి. ఇవన్నీ రేవుకు దగ్గరగా, ఒకే లోతట్టు ప్రాంతంలో కూర్చున్నాయి. ఉత్తరాన కైలాసగిరి కొండల వరస, దక్షిణాన యారాడ కొండ, నడుమ గిన్నెలాంటి పల్లం. గాలి కదలని రోజుల్లో పొగ ఆ గిన్నెలోనే నిలిచిపోతుంది. కర్మాగారం ఎక్కడ పెట్టాలో తేల్చిన లెక్కల్లో రేవు లోతు ఉంది, రైలు పట్టా ఉంది, భూమి ధర ఉంది. గాలి ఎటు వీస్తుందో అడిగే చట్టం ఇంకా పుట్టలేదు. నీటి కాలుష్య చట్టం 1974లో, గాలి కాలుష్య చట్టం 1981లో వచ్చాయి. గిన్నె అప్పటికే నిండింది.

ఊరిని ఒక ప్రణాళికలో పెట్టే ప్రయత్నం 1962లో టౌన్ ప్లానింగ్ ట్రస్టుతో మొదలైంది. 1978లో దాని స్థానంలో పట్టణాభివృద్ధి సంస్థ వచ్చింది. జనం నోట అది ‘వుడా’. 1979లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. భూమిని దేనికి వాడాలో వుడా చెప్పేది, దాని మీద ఇల్లు ఎలా కట్టాలో కార్పొరేషన్ చూసేది. మువ్వలవానిపాలెం పొలాలు ఎంవీపీ కాలనీ అయింది లేఅవుట్ల ద్వారానే. 1989లో మొదటి మాస్టర్ ప్లాను, 2006లో రెండోది ఆమోదం పొందాయి. 2005లో గాజువాక మునిసిపాలిటీనీ 32 గ్రామాలనూ కలుపుకొని కార్పొరేషన్ ‘జీవీఎంసీ’ అయింది. 2018లో వుడా పేరు వీఎంఆర్‌డీఏగా మారింది. 2011 నాటికి నగర జనాభా 17 లక్షలు దాటింది.

అనుమతి అనే మాటకు కంటికి కనిపించే రూపం ప్లాను షీటు. కంప్యూటర్లు రాకముందు అది అమ్మోనియా వాసన వదలని నీలం ప్రింటు. కట్టబోయే గోడలు ఎరుపులో, పడగొట్టేవి పసుపులో, మురుగు గొట్టం ఎర్ర చుక్కల గీతతో ఉంటాయి. ఒక మూల ఉత్తర దిక్కు బాణం, రోడ్డు వెడల్పు. ఇంకో మూల యజమాని సంతకం, లైసెన్స్‌డ్ సర్వేయరు ముద్ర. ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ దగ్గరే అసలు పేచీ. వాస్తు ప్రకారం తూర్పు, ఉత్తరం ఎక్కువ వదిలి, దక్షిణం, పడమర వైపు గోడ జరిపేవాళ్లు ఎందరో. ప్లానులో మీటరున్నర, నేల మీద రెండడుగులు. ఈ తేడానే ‘డీవియేషన్’ అంటారు. అదనపు అంతస్తు కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. పట్టుబడితే కార్పొరేషన్ చట్టంలోని 452వ సెక్షన్ కింద నోటీసు వస్తుంది.

అయినా పడగొట్టిన వాటి కన్నా క్రమబద్ధం చేసినవే ఎక్కువ. అపరాధ రుసుము కట్టించుకొని తప్పును ఒప్పు చేసే పథకాలు 1998లో, 2007 చివర్లో, 2015లో, 2019లో వచ్చాయి. ప్రతిసారీ ఇదే ఆఖరన్నారు. నియమం పాటించి స్థలం వదిలినవాడి ఇంటికీ, వదలనివాడి ఇంటికీ చివరికి ఒకే విలువ దక్కడం ఈ చరిత్రలో అన్యాయమైన భాగం. 2006 నిబంధనలు దీనికి ఒక విరుగుడు వెతికాయి. బిల్డరు ముందుగానే ఒక అంతస్తునో, మొత్తం నిర్మాణంలో 10 శాతాన్నో కార్పొరేషన్‌కు హామీగా రాసివ్వాలి. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే అది విడుదలవుతుంది. అపార్ట్‌మెంటు కొనేవాళ్లు ‘ఓసీ ఉందా’ అని అడగడానికి ఇదొక కారణం.

సముద్రానికి సంబంధించిన నియమాలు వేరే దారిలో వచ్చాయి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలు లేకుండా చూడాలని 1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. పదేళ్లకు, 1991 ఫిబ్రవరి 19న, తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వెలువడింది. జనం నోట అది సీఆర్‌జెడ్. ఊరు అప్పటికే తీరం దాకా ఉన్నచోట, అంతకుముందే ఉన్న రోడ్డుకు నేల వైపున మాత్రమే కొత్తది కట్టాలి. దీంతో విశాఖలో బీచ్ రోడ్డే చట్టపు గీత అయింది. పడమర పక్కన అంతస్తులు లేచాయి, తూర్పు పక్కన ఇసుక మిగిలింది. ఊరు దాటి భీమిలి వైపు వెళితే గ్రామీణ తీరంలో 200 మీటర్లు నిషిద్ధం. 2011 నోటిఫికేషన్ మత్స్యకారుల ఇళ్లకు ఇందులో కొంత వెసులుబాటు ఇచ్చింది. జనం కిక్కిరిసిన గ్రామీణ తీరాల్లో 2019 నోటిఫికేషన్ ఈ 200 మీటర్లను 50కి తగ్గించింది. ఇది తీరానికి మేలు చేసే మార్పు కాదు. 2014 హుద్‌హుద్ తుపానులో కెరటాలు ఎంత లోపలికి వచ్చాయో చూసిన ఊరు ఇది.

కొండల విషయంలో ఇంత స్పష్టమైన గీత ఎప్పుడూ లేదు. రుషికొండ మీద పర్యాటక ప్రాజెక్టుకు 2021 మేలో సీఆర్‌జెడ్ అనుమతి వచ్చింది. ఇచ్చిన అనుమతికీ తవ్విన కొండకీ మధ్య తేడా హరిత ట్రిబ్యునల్ దాకా, హైకోర్టు దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎత్తుకు హద్దు పెట్టేది మాత్రం నౌకాదళం. నగరంలోని రన్‌వే ఐఎన్‌ఎస్ డేగా నౌకాదళ స్థావరానిది కాబట్టి, చుట్టుపక్కల ఎత్తయిన భవనం కట్టాలంటే నేవీ ఎన్‌వోసీ కావాలి. వానాకాలం పొంగే గెడ్డల ఒడ్డున కట్టాలంటే నీళ్లు పోయే దారి వదిలినట్టు చూపించాలి.

కట్టడాల ఫైలులోకి పర్యావరణం అనే మాట చివరగా చేరింది. 1994 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కర్మాగారాలనూ గనులనూ ఉద్దేశించింది. 2004 జులైలో పెద్ద గృహ సముదాయాలను అందులో చేర్చారు. 2006 సెప్టెంబరు 14న వచ్చిన కొత్త నోటిఫికేషన్ 20 వేల చదరపు మీటర్లను గీతగా పెట్టింది. అంటే సుమారు 2 లక్షల 15 వేల చదరపు అడుగులు. అంతకు మించితే మురుగు శుద్ధి, వాననీటి గుంతలు, మట్టి తరలింపు లెక్కలు చూపించి రాష్ట్ర స్థాయి అథారిటీ నుంచి అనుమతి తీసుకోవాలి. 2010 జనవరిలో కేంద్రం తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో కొత్త పరిశ్రమల అనుమతులు ఆపేసింది. 70.82 కాలుష్య సూచీతో విశాఖ ఆ జాబితాలో ఉంది.

ఇన్ని కాగితాల మధ్య ఒక ఖాళీ మిగిలిపోయింది. కర్మాగారం అనుమతి ఒక ఫైలు, దాని ప్రహరీ పక్కన లేచే ఇళ్ల అనుమతి ఇంకో ఫైలు. ఈ రెండూ ఒకే బల్ల మీదికి రాలేదు. 1997 సెప్టెంబరు 14న చమురు శుద్ధి కర్మాగారంలో చెలరేగిన మంటల్లో దాదాపు 60 మంది చనిపోయారు. ఆర్.ఆర్. వెంకటాపురంలో పాలిమర్ల కర్మాగారం 1961లో పెట్టినప్పుడు ఊరికి దూరమే. తర్వాత ఊరు దాని గోడ దాకా వచ్చింది. ఇళ్లకు వీధులు, కొళాయిలు, కరెంటు అన్నీ వచ్చాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆ గోడ దాటిన స్టైరీన్ ఆవిరికి 12 మంది బలయ్యారు. తన ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో ఒప్పుకున్న సంగతి ఆ తర్వాత బయటపడింది. అనుమతి లేకుండా కర్మాగారం నడవడం ఒక తప్పు. దాని పక్కనే ఇళ్లు ఎందుకు రానిచ్చారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. దానికి ఏ ఒక్క కార్యాలయమూ జవాబుదారీ కాదు.

2016లో ప్లాను దరఖాస్తులు ఆన్‌లైన్‌కు మారాయి. 2025లో వచ్చిన స్వీయ ధ్రువీకరణతో చిన్న స్థలాల్లో ఇల్లు కట్టేవాళ్లు లైసెన్స్‌డ్ ఇంజనీరు ద్వారా దరఖాస్తు పెట్టి పని మొదలుపెట్టవచ్చు. ఏ దరఖాస్తుకైనా మొదటి గడి భూమి హక్కు. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో ఉన్న పంచగ్రామాలు ఆగిపోయింది అక్కడే. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురాల్లో సుమారు 420 ఎకరాల్లో 12 వేలకు పైగా ఇళ్లున్నాయి. 1996లో ఈ భూములకు దేవస్థానం పేరిట రైత్వారీ పట్టా ఇచ్చిన దగ్గర్నుంచి, తరాలుగా ఉంటున్నవాళ్లు కారుతున్న స్లాబు మార్చుకోవడానికైనా అనుమతి కాగితం తెచ్చుకోలేకపోయారు. దేవస్థానానికి వేరేచోట భూమి ఇచ్చి ఈ ఇళ్లను క్రమబద్ధం చేసే ప్రతిపాదన 2025లో ప్రభుత్వం ముందుకొచ్చింది.