ఒప్పించే భాష

శాస్త్రీయ వ్యాసానికి ఆధారాలుంటే చాలు, వాక్చాతుర్యం అక్కరలేదని మనం విద్యార్థులకు చెబుతుంటాం. ఆ ఆధారాలను ఎవరిముందు, ఏ భాషలో, ఏ తీరున పెడుతున్నామన్నది కూడా వాదంలో భాగమే. ఇందుకు మన వ్యావహారిక భాషోద్యమ చరిత్రే నిదర్శనం.

1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడేనాటికే పాఠశాలల్లో తెలుగు వ్యాసరచన గ్రాంథికంలో సాగాలా, వ్యావహారికంలోనా అన్న వివాదం రాజుకొంటున్నది. 1913లో గిడుగు రామమూర్తి పంతులు ఆధునిక తెలుగును సమర్థిస్తూ విజ్ఞాపన ప్రకటించారు. అదే ఏడు జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థించారు. 1914లో గురజాడ అప్పారావు అసమ్మతి పత్రం సమర్పించారు. ఈ మూడూ ఇంగ్లీషు రచనలే! తీర్పు చెప్పేది మద్రాసు విశ్వవిద్యాలయమూ, ప్రభుత్వమూ కనుక ఒప్పించవలసిందీ వారినే. ఆ తీర్పు గ్రాంథికానికే అనుకూలమయింది.

వాడుక జిల్లాకొక తీరు, గ్రాంథికం అందరికీ ఒకటే అన్న వాదంలో బలం లేదని నేననను. అయితే దాని వెనుక సంప్రదాయమనే పెద్దరికం నిలబడింది. గిడుగువారు మరో దారి పట్టారు. గ్రాంథికం రాస్తున్నామన్న పండితుల రచనల్లోంచే తప్పులు ఏరి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో చూపారు. పూర్వుల వచనంలోనే వాడుక రూపాలున్నాయని ‘గద్య చింతామణి’లో ఉదాహరణలు పేర్చారు. నమ్మమని అడగలేదు, చూసుకొమ్మన్నారు. చదువరి తానే సరిచూసుకోవచ్చు.

ఈ పద్ధతి కృష్ణా డెల్టాకు కొత్త కాదు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు, పర్లాకిమిడిలో గిడుగువారి శిష్యుడే. ఆయన పరిశోధన గ్రంథం ‘దేవాలయాల మీద బూతుబొమ్మలెందుకు?’ పేరులోనే ప్రశ్న ఉంది.

నేడు విజయవాడ కళాశాలల్లో మా విద్యార్థులు వాడుక భాషలోనే రాస్తున్నారు. అయినా ‘ఇది నిర్వివాదాంశం’, ‘అనడంలో సందేహం లేదు’, ‘పండితుల అభిప్రాయం’ అన్న మాటలు కొల్లలు. ఏ పండితులు? ఎక్కడన్నారు? క్రియారూపాలు మారాయి, పెత్తనం మారలేదు. ఈ మాటలు వారికి మన పాఠాలనుంచీ, మన వ్యాసాలనుంచీ వచ్చినవే. సందేహం లేదని మనం తేల్చేసినచోట సందేహించే హక్కు చదువరికి పోతుంది.

ఒప్పించబూనడం దోషం కాదు. ఆధారం చూపకుండా ఒప్పించబూనడమే దోషం. విద్యార్థి వ్యాసంలో అలాంటి మాట కింద గీత గీసి ఆధారమేదని అడుగుదాం. మన వ్యాసాల్లోనూ అలాగే గీత గీసి అడిగే స్వేచ్ఛ విద్యార్థికి ఇద్దాం.