సోల్‌కీ సింఫనీకీ ఒకే చేయి

మార్విన్ గే ‘ఐ వాంట్ యూ’ ఆల్బమ్ 1976లో వచ్చింది. సోల్ సంగీతం ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ వదలకుండా వినే రికార్డు అది. అందులో మార్విన్ గొంతును అంటిపెట్టుకుని సాగే వయొలిన్లను వినండి. పాట వెనక ఊరికే పరుచుకుని ఉండవు. గొంతు ఆగినచోట అందుకుంటాయి, అది లేచినప్పుడు తగ్గుతాయి. వాటి స్వరాలు కాగితం మీద రాసి వాద్యబృందాన్ని నడిపించిన కోల్‌రిడ్జ్-టేలర్ పెర్కిన్సన్, అసలు బాఖ్ బాటలో శాస్త్రీయ సంగీతం రాసే స్వరకర్త.

పెర్కిన్సన్ 1932లో పుట్టాడు. తల్లి న్యూయార్క్‌లో పియానో నేర్పేది. లండన్‌లో పుట్టి, 1912లో 37 ఏళ్లకే కన్నుమూసిన స్వరకర్త శామ్యూల్ కోల్‌రిడ్జ్-టేలర్ పేరు కొడుక్కి పెట్టుకుంది. ఆ స్వరకర్త తండ్రిది సియెర్రా లియోన్. నల్లజాతి బిడ్డ సింఫనీ రాయగలడని చూపించడానికి అప్పట్లో అమెరికాలో అలాంటి తల్లులకు దొరికిన ఉదాహరణలు బహు తక్కువ.

మాన్‌హట్టన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో 1954లో మాస్టర్స్ పూర్తయింది. ఇరవై రెండేళ్లు నిండిన ఆ రోజుల్లోనే తీగవాద్యాల కోసం ‘సిన్‌ఫొనియెట్టా నంబర్ 1’ రాశాడు. ఆర్కెస్ట్రా నడిపే విద్య నేర్చుకోవడానికి యూరప్ కూడా వెళ్లొచ్చాడు.

ఇంత చదివినా నిలబడటానికి వేదిక ఏది? 1842లో మొదలైన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ తన తొలి నల్లజాతి శాశ్వత సభ్యుణ్ని తీసుకున్నది 1962లో. ఆయనే వయొలినిస్ట్ శాన్‌ఫర్డ్ అలెన్. నూట ఇరవై ఏళ్లు పట్టింది! ఆ తలుపు తెరుచుకునేదాకా ఎదురుచూడటం పెర్కిన్సన్‌కు నచ్చలేదు. నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చుని వాయించే ‘సింఫనీ ఆఫ్ ద న్యూ వరల్డ్’ను 1965లో మరికొందరితో కలిసి న్యూయార్క్‌లోనే స్థాపించాడు.

అదే కాలంలో జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ బృందంలో పియానో వాయించాడు. డోనల్డ్ బర్డ్ ఆల్బమ్‌లో బృందగానాన్ని నడిపించాడు. హ్యారీ బెలఫాంటేకి పాటలు అరేంజ్ చేశాడు, ఆల్విన్ ఐలీ నృత్యబృందంతో పనిచేశాడు, సినిమాలకు సంగీతమిచ్చాడు. ఇవన్నీ పొట్టకూటి పనులని, అసలు ప్రతిభ వాటిలో చెల్లాచెదురైందని తీర్పు చెప్పడం తేలిక. ఆయన రాతలు వింటే ఆ మాట నిలవదు.

1973 నాటి ‘లామెంటేషన్స్’నే తీసుకోండి. వాయించేది ఒక్క చెల్లో. మొదటి భాగం ఒక వరుసను ఒకదాని తర్వాత ఒకటిగా వేర్వేరు స్వరధారలు అందుకునే ఫ్యూగ్ పద్ధతిలో నడుస్తుంది. మూడో భాగంలో వాద్యకారుడు కమానును వాడడు. తీగలను వేళ్లతో మీటుతూ, నల్లజాతి చర్చిల్లో పాడుకునే ‘కాల్వరీ’ భక్తిగీతాన్ని పలికిస్తాడు. కింద ఒకే వరుస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, పైన పాట కదులుతుంది. అలెన్ కోసం రాసిన ‘బ్లూస్ ఫామ్స్’లోనూ అంతే: వయొలిన్ ఒక్కటే, అందులో బాఖ్ క్రమశిక్షణ, బ్లూస్ ఊపు కలిసే ఉంటాయి.

పెర్కిన్సన్ 2004లో షికాగోలో చనిపోయాడు. ఆయన శాస్త్రీయ రచనలను ఒకచోట చేర్చిన సెడిల్ సంస్థ ఆల్బమ్ మరుసటి ఏడాది విడుదలైంది. వీలైతే ముందు సిన్‌ఫొనియెట్టా, వెంటనే ‘ఐ వాంట్ యూ’ వినండి. ఆ వయొలిన్లు రాసిన మనిషి ఒక్కడేనని మీకే తెలిసిపోతుంది.