గుండె జబ్బు తర్వాత ఆన్‌లైన్ డైట్ ప్లాన్: ముందు ఏం చూడాలి?

స్టెంట్ వేశాక, బైపాస్ అయ్యాక ఇంటికి వచ్చిన పేషెంట్‌కు ఏం పెట్టాలన్నదే ఇంట్లోవాళ్ల మొదటి ప్రశ్న. వయసు, బరువు, షుగర్ వివరాలు తీసుకుని ఎవరి డైట్ వాళ్లకు తయారుచేసిచ్చే ఆన్‌లైన్ సర్వీసులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఉపయోగమే. కానీ వాడే మందులు, కిడ్నీ రిపోర్టు అడగని ప్లాన్‌ను నమ్మకూడదు.

మందులు: కృత్రిమ వాల్వ్ పెట్టినవాళ్లు వాడే వార్ఫరిన్‌పై ఆకుకూరల్లోని విటమిన్ కె ప్రభావం ఉంటుంది. పాలకూర, తోటకూర ఒక్కసారిగా పెంచినా, మానేసినా ఐఎన్ఆర్ మారిపోతుంది. రోజూ ఇంచుమించు ఒకే మోతాదు తినాలి.

ఉప్పు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక టీస్పూన్. పచ్చళ్లు, అప్పడాలు, నిహారీ, ఉస్మానియా బిస్కెట్లలోని ఉప్పూ ఇందులోకే వస్తుంది. చాలా 'లో సోడియం' ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడుతున్నా డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు.

నీళ్లు: హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు డాక్టర్లు నీళ్లకూ లెక్క పెట్టవచ్చు. 'రోజుకు నాలుగు లీటర్లు' అందరికీ పనికిరాదు.

రోజా: ఉపవాసం ఉండొచ్చా, మందుల వేళలు ఎలా మార్చాలి అన్నది రంజాన్‌కు ముందే కార్డియాలజిస్టుతో మాట్లాడాలి. యాప్ చెప్పే మాట కాదది.

డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ చూశాకే సలహా ఇచ్చే డైటీషియన్‌ను ఎంచుకోండి. మందులు ఆపేయమనే ప్లాన్‌ను అక్కడే వదిలేయండి.