డిబేట్ పోటీల్లో ‘బ్రేక్’ లెక్క: నాకౌట్ జట్లను ఎలా తేలుస్తారు? తప్పు లేదని ఎలా నిర్ధారిస్తారు?

విశ్వవిద్యాలయ స్థాయి డిబేట్ పోటీలో అందరూ ఎదురుచూసే ఘట్టం ఫైనల్ ఒక్కటే కాదు. ప్రాథమిక రౌండ్లు ముగిశాక నాకౌట్‌కు చేరిన జట్ల జాబితా చదివే ఘట్టం కూడా అంతే ముఖ్యం. డిబేట్ వర్గాల్లో దీన్ని ‘బ్రేక్’ అంటారు. జాబితాలో పేరున్న జట్టు ‘బ్రేక్ అయింది’. పేరు లేని జట్టు పోటీ అక్కడితో ముగిసింది. ఈ జాబితాను, అందులోని వరుస క్రమాన్ని తయారుచేసేది ‘ట్యాబ్’ బృందం. వారి లెక్కలో ఒక్క అంకె తప్పినా అర్హత ఉన్న జట్టు ఇంటిదారి పడుతుంది. ఆ పొరపాటు ప్రకటన తర్వాత బయటపడితే సరిదిద్దడం చాలా కష్టం.

ఎక్కడెక్కడ జరుగుతుంది?

ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేటింగ్ ఛాంపియన్‌షిప్ 1981లో గ్లాస్గోలో మొదలైంది. 2014 పోటీకి చెన్నై ఆతిథ్యమిచ్చింది. 2022లో బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ విశ్వవిద్యాలయ జట్టు ఈ టైటిల్ గెలుచుకుంది. భారత్‌లో న్యాయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలలు ఇదే నమూనాలో పోటీలు నిర్వహిస్తుంటాయి. పోటీ చిన్నదైనా పెద్దదైనా బ్రేక్ లెక్క సూత్రాలు ఒకటే.

పాయింట్లు ఎలా వస్తాయి?

ప్రపంచ పోటీలో అనుసరించేది బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతి. ఒక గదిలో నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు వక్తలు. రెండు జట్లు ప్రభుత్వ పక్షం, రెండు జట్లు ప్రతిపక్షం. న్యాయనిర్ణేతలు నాలుగు జట్లకూ 1 నుంచి 4 వరకు స్థానాలిస్తారు. మొదటి స్థానానికి 3, రెండో స్థానానికి 2, మూడో స్థానానికి 1 పాయింటు. నాలుగో స్థానానికి సున్నా. దీంతోపాటు ప్రతి వక్తకూ విడిగా మార్కులుంటాయి. వీటిని ‘స్పీకర్ పాయింట్లు’ అంటారు. ఈ మార్కులు 50 నుంచి 100 మధ్య ఉంటాయి. సగటు ప్రసంగానికి 75 ప్రమాణం.

ప్రపంచ పోటీలో ప్రాథమిక రౌండ్లు 9. అంటే ఒక జట్టు గరిష్ఠంగా 27 పాయింట్లు సాధించగలదు. మొదటి రౌండ్ తర్వాత సమాన పాయింట్లున్న జట్లనే ఒకే గదిలో వేస్తారు. అందువల్ల రౌండ్లు గడిచేకొద్దీ బలమైన జట్లకు బలమైన జట్లే తగులుతాయి. పట్టిక మధ్యభాగంలో ఒకే పాయింట్లతో చాలా జట్లు గుమిగూడతాయి. బ్రేక్ గీత సాధారణంగా ఈ గుంపు మధ్యలోనే పడుతుంది.

ఆసియా పార్లమెంటరీ పద్ధతిలో ముగ్గురేసి వక్తలున్న రెండు జట్లు తలపడతాయి. అక్కడ ముందు చూసేది గెలుపుల సంఖ్య, ఆ తర్వాత స్పీకర్ పాయింట్లు.

టై పడితే ఏం చూస్తారు?

బ్రిటిష్ పార్లమెంటరీ పోటీల్లో తరచూ వాడే వరుస ఇది: ముందు జట్టు పాయింట్లు, తర్వాత ఇద్దరు వక్తల మొత్తం స్పీకర్ పాయింట్లు, తర్వాత ఎన్నిసార్లు మొదటి స్థానం వచ్చింది, ఆ తర్వాత ఎన్నిసార్లు రెండో స్థానం వచ్చింది. అన్నీ సమానమైతే చివరి దారి నాణెం ఎగరేయడం.

ఈ వరుస ఏదైనా కావచ్చు గానీ, మొదటి రౌండ్‌కు ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. ఫలితాలు చూశాక నియమం నిర్ణయిస్తే ఎంత నిజాయితీగా చేసినా అనుమానం తప్పదు. ఎందుకంటే అప్పటికి ఏ నియమం ఏ జట్టుకు లాభమో గదిలో అందరికీ తెలుసు.

ఎన్ని జట్లను తీసుకోవాలి?

గదికి నలుగురు పోటీదారులు, వారిలో ఇద్దరు ముందుకు అన్నది నాకౌట్ నియమం. కాబట్టి 4, 8, 16, 32 జట్లయితే లెక్క సూటిగా సరిపోతుంది. 12, 24, 48 జట్లను తీసుకుంటే ‘పాక్షిక’ రౌండ్ ఒకటి అదనంగా కావాలి. ప్రపంచ పోటీ ప్రధాన విభాగంలో 48 జట్లు బ్రేక్ అవుతాయి. మొదటి 16 జట్లు నేరుగా ఆక్టో ఫైనల్‌కు వెళ్తాయి. 17 నుంచి 48 వరకున్న 32 జట్లు ఎనిమిది గదుల్లో తలపడతాయి. వాటిలో 16 ముందుకొచ్చి మొదటి 16తో కలుస్తాయి. అంటే 16వ ర్యాంకుకూ 17వ ర్యాంకుకూ మధ్య తేడా ఒక అదనపు నాకౌట్ రౌండ్. గీత 48 దగ్గరే కాదు, 16 దగ్గర కూడా ఉందన్న సంగతి సరిచూసేవారు మరవకూడదు.

సీడింగ్ సూత్రం

ప్రాథమిక రౌండ్లలో బాగా రాణించిన జట్టుకు నాకౌట్ మొదట్లోనే మరో అగ్రశ్రేణి జట్టు తగలకుండా చూడటమే సీడింగ్ ఉద్దేశం. 16 జట్ల క్వార్టర్ ఫైనల్‌లో గదులు ఇలా ఉంటాయి:

మొదటి గది: 1, 8, 9, 16
రెండో గది: 2, 7, 10, 15
మూడో గది: 3, 6, 11, 14
నాలుగో గది: 4, 5, 12, 13

ప్రతి గదిలోని ర్యాంకులు కూడితే 34 రావాలి. 32 జట్ల ఆక్టో ఫైనల్‌లో ప్రతి గది మొత్తం 66. ఉదాహరణకు 1, 16, 17, 32. ప్రపంచ పోటీ పాక్షిక రౌండ్‌లో 17, 32, 33, 48 లాంటి గది మొత్తం 130. కాగితం మీద అర నిమిషంలో అయిపోయే ఈ కూడిక చాలా తప్పులు పట్టిస్తుంది.

అయితే కూడిక సరిపోయినంత మాత్రాన తర్వాతి రౌండ్ దారి కూడా సరిగ్గా ఉందని కాదు. పై ఉదాహరణలో మొదటి గది విజేతలు నాలుగో గది విజేతలతోనూ, రెండో గదివారు మూడో గదివారితోనూ సెమీస్ ఆడాలి. మొదటి, రెండో గదులను కలిపేస్తే ఒకటి, రెండు ర్యాంకుల జట్లు సెమీస్‌లోనే ఎదురుపడతాయి. రెండు జట్ల పద్ధతిలోనూ ఇంతే. ఎనిమిది జట్లుంటే 1–8, 4–5 ఒకవైపు, 2–7, 3–6 మరోవైపు ఉండాలి.

ఒక్క అంకెతో ఏమవుతుంది?

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. 48 జట్లు, 5 రౌండ్లు, క్వార్టర్ ఫైనల్‌కు 16 జట్లు. 15 నుంచి 18 స్థానాల్లో ఉన్న నాలుగు జట్లకూ 9 పాయింట్లే. వాటి స్పీకర్ పాయింట్లు వరుసగా 755, 752, 751, 748. మొదటి రెండూ లోపల, మిగతా రెండూ బయట.

ఇప్పుడు 17వ స్థానంలో ఉన్న జట్టు వక్త ఒకరికి బ్యాలెట్‌లో 78 ఉంటే, నమోదు చేసినవారు 73 కొట్టారనుకుందాం. సరిదిద్దితే ఆ జట్టు మొత్తం 756 అవుతుంది. అది 15వ స్థానానికి ఎక్కుతుంది. 755 ఉన్న జట్టు 16కు జారుతుంది. 752 ఉన్న జట్టు బ్రేక్ నుంచి బయటకు పోతుంది. 15వ ర్యాంకు రెండో గదిది, 16వ ర్యాంకు మొదటి గదిది కాబట్టి రెండు గదుల కూర్పూ మారుతుంది. ఒక్క మీట తప్పు నొక్కినందుకు ఒక జట్టు అన్యాయంగా లోపలికి వచ్చింది, ఒకటి అన్యాయంగా బయట ఉండిపోయింది, మరోటి తప్పు గదిలో పడింది.

దొరికే తప్పులు, దొరకని తప్పులు

మొత్తాల లెక్క మొదటి వడపోత. బ్రిటిష్ పార్లమెంటరీ గదిలో పంచే పాయింట్లు ఎప్పుడూ 6. పై ఉదాహరణలో 12 గదులు, 5 రౌండ్లు కాబట్టి పట్టికలో అన్ని జట్ల పాయింట్ల మొత్తం 360 రావాలి. 357 వస్తే ఎక్కడో ఒక జట్టు మొదటి స్థానం నమోదు కాలేదేమో చూడాలి. సంఖ్య సరిచేయడానికి చేర్చిన ‘స్వింగ్’ జట్లనూ ఈ మొత్తంలో కలపాలి. తర్వాత బ్రేక్ జాబితాలోంచి మాత్రం తీసేయాలి. ఆ రెండో పని మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు.

రెండో వడపోత, గదిలోని క్రమం. ఎక్కువ స్థానం పొందిన జట్టు స్పీకర్ పాయింట్ల మొత్తం కూడా ఎక్కువగానే ఉండాలి. అలా లేకపోతే బ్యాలెట్ తప్పు, లేదా నమోదు తప్పు.

ఈ రెండు వడపోతలకూ దొరకని తప్పులున్నాయి. పైన చెప్పిన 78–73 పొరపాటుతో పాయింట్ల మొత్తం మారదు. ఆ గదిలో జట్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే క్రమమూ మారదు. ఒకే కళాశాల ‘ఏ’, ‘బి’ జట్ల ఫలితాలు తారుమారైనా మొత్తాలు సరిగ్గానే ఉంటాయి. ఇలాంటివి దొరకాలంటే బ్యాలెట్ ముందు పెట్టుకుని అంకెకు అంకె చూడటమే మార్గం.

రహస్య రౌండ్ల చిక్కు

మామూలు రౌండ్లలో న్యాయనిర్ణేతలు ఫలితాన్ని గదిలోనే చెబుతారు. పట్టికలో తేడా కనిపిస్తే జట్లే వచ్చి అడుగుతాయి. ప్రపంచ పోటీలో 7, 8, 9 రౌండ్ల ఫలితాలు మాత్రం బ్రేక్ ప్రకటన వరకు బయటపెట్టరు. చిన్న పోటీల్లో చివరి ఒకటి రెండు రౌండ్లు ఇలా ఉంటాయి. ఎవరు బ్రేక్ అవుతారన్న ఉత్కంఠ నిలిపేందుకు ఈ ఏర్పాటు ఉపయోగపడుతుంది. కానీ దానివల్ల వందల కళ్లు చేసే తనిఖీ ఆగిపోతుంది. బ్రేక్‌ను తేల్చే రౌండ్లే బయటివారెవరూ సరిచూడలేని రౌండ్లు. అందుకే తనిఖీ సమయం తక్కువైతే, ముందుగా ఈ రౌండ్ల బ్యాలెట్లనే తీయాలి.

సరిచూసే క్రమం

1. అన్ని రౌండ్ల అన్ని గదుల బ్యాలెట్లు వచ్చాయని గదుల జాబితాతో టిక్ పెట్టాలి.

2. నమోదు చేసినవారు కాకుండా వేరొకరు ప్రతి బ్యాలెట్‌నూ ఖరారు చేయాలి. ఒకరు చదువుతుంటే మరొకరు తెర మీద చూడటం మంచి పద్ధతి.

3. పాయింట్ల మొత్తం, గదిలోని క్రమం సరిచూడాలి.

4. బ్రేక్ గీతకు అటూ ఇటూ ఉన్న జట్ల బ్యాలెట్లన్నీ మొదటి రౌండ్ నుంచి మళ్లీ తీయాలి. పాక్షిక రౌండ్ ఉంటే రెండో గీత దగ్గరా ఇదే పని.

5. అర్హత చూడాలి. స్వింగ్ జట్లు, వెళ్లిపోయిన జట్లు, ఒక కళాశాల నుంచి ఇన్ని జట్లే అన్న పరిమితి ఉంటే దాన్ని దాటినవి గుర్తించాలి. ఇంగ్లిష్ రెండో భాషగా ఉన్నవారి విభాగం వేరుగా ఉంటే, ప్రధాన విభాగంలో బ్రేక్ అయిన జట్టు అక్కడ ఖాళీ చేసిన చోటు ఎవరికో నియమం ప్రకారం తేల్చాలి.

6. ర్యాంకులను సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా మరోసారి లెక్కించాలి. రెండు జాబితాలు పేరుకు పేరు కలవాలి.

7. గదుల కూడిక, తర్వాతి రౌండ్ దారి చూడాలి.

8. చీఫ్ అడ్జుడికేటర్లు జాబితాపై సంతకం చేశాక, ప్రకటనలో చదివేది ఆ ప్రతినే.

సాఫ్ట్‌వేర్ ఉంటే చాలదా?

2010లో ఆక్లాండ్‌లో జరిగిన ఆస్ట్రలేసియన్ పోటీ కోసం మొదట రాసిన ‘ట్యాబీక్యాట్’ ఇప్పుడు అనేక దేశాల్లో వాడుకలో ఉంది. టైబ్రేక్ వరుస, విభాగాలు, పాక్షిక రౌండ్లు అన్నీ అదే చూసుకుంటుంది. కూడికలో అది తప్పు చేయదు. అయితే దానికి ఇచ్చిన అంకె, అందులో పెట్టిన నియమం సరైనవో కావో దానికి తెలియదు. స్వింగ్ జట్టుకు అర్హత గుర్తు పెట్టి ఉంచితే దాన్నీ బ్రేక్‌లో చూపిస్తుంది.

స్ప్రెడ్‌షీట్ మీద నడిచే కళాశాల పోటీల్లో ప్రమాదం ఎక్కువ. పాయింట్ల నిలువు వరుసను మాత్రమే క్రమంలో పెట్టి పేర్ల వరుసను వదిలేస్తే జాబితా మొత్తం తారుమారవుతుంది. సంఖ్యలు అక్షరాలుగా నమోదైతే 9 పాయింట్ల జట్టు 10 పాయింట్ల జట్టు కన్నా పైకి వస్తుంది. సూత్రం చివరి వరుస వరకు సాగకపోతే ఆఖరి జట్టు పాయింట్లు లెక్కలోకే రావు.

తప్పు ఆలస్యంగా దొరికితే?

ప్రకటనకు ముందు దొరికితే అరగంట ఆలస్యమైనా సరిదిద్దడమే సరి. ఎదురుచూసేవారు విసుగుపడినా ఆ ఆలస్యంవల్ల ఎవరికీ నష్టం లేదు. ప్రకటన తర్వాత, నాకౌట్ అంశం ఇవ్వకముందు దొరికితే సరిదిద్దే వీలుంది గానీ, పేరు చదివిన జట్టును వెనక్కి పిలవాలి. నాకౌట్ గది ముగిశాక దొరికితే న్యాయమైన పరిష్కారమంటూ దాదాపు ఉండదు. ఏ దశలోనైనా నిర్ణయం ట్యాబ్ బృందానిది కాదు. వారు వాస్తవాన్ని బ్యాలెట్‌తో సహా చూపించాలి. చీఫ్ అడ్జుడికేటర్లు, నిర్వాహకులు తేల్చి, కారణాన్ని జట్లన్నిటికీ చెప్పాలి.

పోటీ ముగిశాక పూర్తి పట్టికను, రహస్య రౌండ్ల ఫలితాలతో సహా, విడుదల చేయడం ఆనవాయితీ. ఏ జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో ఆగిపోయిందో అప్పుడు అందరికీ కనిపిస్తుంది. బ్యాలెట్లను అప్పటివరకు భద్రపరచాలి. గీతకు కింద ఆగిపోయిన జట్టు వచ్చి అడిగినప్పుడు చూపించగలిగే ఆధారం అదొక్కటే.