పెద్దకొడుకు బిరుదు, చిన్నకొడుకు రేవు: డిగ్లీపూర్ తీరాన కార్న్‌వాలిస్ వంశం

డిగ్లీపూర్ సమీపంలో, ఉత్తర అండమాన్ తూర్పు తీరాన పోర్ట్ కార్న్‌వాలిస్ అనే రేవు ఉంది. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో, 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అనిపించుకున్న ఊరి దగ్గర వేసిన తొలి స్థావరానిదీ ఈ పేరే. 1792లో ఈస్టిండియా కంపెనీ స్థావరాన్ని ఎత్తి ఇక్కడికి మార్చినప్పుడు పేరు కూడా వెంట వచ్చింది. అది గవర్నర్ జనరల్ చార్లెస్ కార్న్‌వాలిస్ పేరని కొందరు, ఆయన తమ్ముడు కమొడోర్ విలియమ్ పేరని కొందరు రాస్తారు. నా మొగ్గు తమ్ముడి వైపే. ఈ ఈశాన్య రేవు యుద్ధనౌకల మజిలీకి అనువైనదని సిఫారసు చేసినవాడు ఆయనే.

అయితే ఆ తమ్ముడు సముద్రం పట్టడానికి కారణం ఇంటి వారసత్వ పద్ధతిలోనే ఉంది. వాళ్ల తండ్రి, మొదటి ఎర్ల్ 1762లో చనిపోగానే బిరుదు, సఫోక్‌లోని భూములు పెద్దకొడుకు చార్లెస్‌కు దక్కాయి. మిగతావాళ్లు కొలువులు వెతుక్కోవాలి. విలియమ్ నౌకాదళంలో చేరాడు, పెళ్లి చేసుకోకుండానే 1819లో పోయాడు. మరో తమ్ముడు జేమ్స్ బిషప్ అయ్యాడు. అంతకు ముందుతరంలోనూ ఇదే తంతు: కవల బాబాయిల్లో ఫ్రెడరిక్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయితే, ఎడ్వర్డ్ 1749లో కెనడాలో హాలిఫాక్స్ పట్టణాన్ని స్థాపించాడు. చర్చి, సైన్యం, నౌకాదళం: చిన్నకొడుకుల వాటాలు ఇవి.

పెద్దకొడుకు జీవితమూ నల్లేరు మీద నడక కాదు. ఈటన్ బడిలో హాకీ ఆడుతుండగా తోటి విద్యార్థి దెబ్బ తగిలి ఒక కన్ను శాశ్వతంగా దెబ్బతింది. కొట్టిన షూట్ బారింగ్టన్ తర్వాత డర్హమ్ బిషప్ అయ్యాడు! 1768లో పెళ్లాడిన జెమైమా 1779లో కూతురినీ కొడుకునీ వదిలి కన్నుమూసింది. 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సేనలకు లొంగిపోయిన అపకీర్తి వెంటాడుతున్నా, 1786లో కలకత్తా పదవి దక్కింది. టిప్పు సుల్తాన్‌ను ఓడించిన 1792లోనే మార్క్విస్ అయ్యాడు.

రేవు మాత్రం అచ్చిరాలేదు. జ్వరాలు జనాన్ని ఊడ్చేశాయి. 1796లో స్థావరం మూసేసి, అక్కడున్న 270 మంది ఖైదీలను పెనాంగ్ పంపారు. 1824లో బర్మా యుద్ధానికి వెళ్లే ఓడలు ఒకసారి అక్కడ గుమిగూడాయి.

వంశమూ నిలవలేదు. చార్లెస్ కొడుకైన రెండో మార్క్విస్‌కు అయిదుగురూ కూతుళ్లే. బిరుదుకు ఆడపిల్లలు పనికిరారు గనక 1823లో మార్క్విస్ హోదా అంతరించింది. ఎర్ల్ బిరుదు బిషప్ జేమ్స్‌కు, ఆయన కొడుక్కు చేరి 1852లో ముగిసింది.

మనకు అక్కరకొచ్చే వైచిత్రి ఇక్కడుంది. తాను జ్యేష్ఠాధికారంతో ఎదిగిన చార్లెస్, జమీందారుల శిస్తును శాశ్వతంగా ఖాయం చేసే శాశ్వత పైసలా తెచ్చిన 1793లోనే పదకొండో రెగ్యులేషన్‌తో బెంగాల్ జమీందారీల్లో ఆ ఆచారాన్ని తొలగించాడు. అక్కడ ఎస్టేట్లను హిందూ, మహమ్మదీయ వారసత్వ చట్టాల ప్రకారం వాటాలుగా పంచుకోవచ్చన్నాడు. తన ఇంట్లో చెల్లే నియమం పరాయి ఇంట్లో ప్రబల కుటుంబాలను పెంచుతుందని ఆయనకు అనిపించి ఉంటుందని నా ఊహ.

ఉత్తర సర్కారుల్లో శాశ్వత పైసలా 1802 నుంచి అమలైనా కథ వేరు. పెద్ద సంస్థానాల్లో గద్దె పెద్దకొడుకుకే దక్కే ఆచారం సాగింది, తమ్ముళ్లకు భరణమే మిగిలింది. 1899లో పిఠాపురం కేసులో ప్రివీ కౌన్సిల్, అవిభాజ్య (వాటాలుగా పంచడానికి వీల్లేని) ఎస్టేటును జమీందారు వీలునామాతో సైతం అన్యాక్రాంతం చేయవచ్చని తేల్చింది. ఎస్టేట్లు చెదిరిపోతాయని కంగారుపడిన మద్రాసు ప్రభుత్వం వాటిని కాపాడేందుకు 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం చేసింది. బెంగాల్‌లో కార్న్‌వాలిస్ వద్దన్న ఏర్పాటుకు తెలుగునేల మీద శాసనబలం దొరికేసరికి, ఆయన ఇంటి చివరి బిరుదు పోయి అర్ధశతాబ్దం దాటింది.